ప్రాణముతో రొయ్యలను, ఎండ్రికాయలను బజారుకు చేర్చు విధానము



సింగూరు జలాశయములో మీరు నలుగురు కలసి, తెల్లవారక ముందే వలలు లాగి, పది కిలోల నీలకంఠ రొయ్యలను పట్టినారనుకొనుడు. పట్టినపుడు అన్నియు ఎగిరిపడుచున్నవే. వానినన్నిటిని ఒకే డ్రమ్ములో వేసి, నీరు పోసి, మూత బిగించి, ట్రాలీ ఆటోలో పటాన్‌చెరు బజారుకు బయలుదేరినారు. బజారులో మూత తీసి చూడగా మూడు కిలోలు చచ్చి అడుగున పడియున్నవి. మరి రెండు కిలోలు ప్రక్కకు ఒరిగి కాళ్లు మాత్రము కదలించుచున్నవి. ప్రాణముతో ఉన్న రొయ్యకు ఒక ధర, చచ్చిన రొయ్యకు వేరొక ధర. నెలల తరబడి పెరిగిన పంట కొద్ది గంటల దారిలో సగమైపోయినది.

ఈ నష్టము అదృష్టము చాలక వచ్చినది కాదు. దీనికి కారణములు కలవు. ఆ కారణములను తొలగించు ఉపాయములు కూడ కలవు. వానిలో చాలవరకు ఖర్చు తక్కువైనవే. 2017 తరువాత మన రాష్ట్రములోని జలాశయములలో చేప పిల్లలతోపాటు నీలకంఠ రొయ్య పిల్లలను కూడ వదలుచు వచ్చిరి. కొందరు రైతులు సొంత కుంటలలోను వీనిని పెంచుచున్నారు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతపు కార్ఖానాలలో పనిచేయుటకు ఒడిశా, బెంగాలు మొదలగు చోట్ల నుండి వచ్చినవారు రొయ్యలను, ఎండ్రికాయలను ఇష్టముతో కొందురు. కొనువాడు దగ్గరలోనే ఉన్నాడు. సరకును ప్రాణముతో, ఆరోగ్యముతో అతని ముందు ఉంచుటయే మన పని.

ప్రయాణములో ఎందుకు చనిపోవును?

రొయ్య మొప్పలతో ఊపిరి పీల్చును. నీటిలో కరగియున్న ప్రాణవాయువే దానికి ఆధారము. 20 డిగ్రీల వేడిగల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలువగలదు. 30 డిగ్రీల నీటిలో 7.5 మిల్లీగ్రాములే నిలుచును. ఇక వేడి పది డిగ్రీలు పెరిగినచో రొయ్యకు కావలసిన ప్రాణవాయువు సుమారు రెండింతలగును. అనగా ఎండ ఎక్కిన కొలది రాబడి తగ్గి, ఖర్చు పెరుగును. అప్పుల పాలైన సంసారము వలె ఆ డ్రమ్ము ఎక్కువసేపు నిలువజాలదు.

రెండవ కారణము రొయ్యల విసర్జనము. అవి విడుచు మలమువలనను, మొప్పలనుండి వెడలు అమ్మోనియా వలనను నీరు చెడును. మేత తిన్న వెంటనే ప్రయాణము కట్టించిన రొయ్యలు నీటిని మరింత త్వరగా పాడుచేయును.

మూడవది పోట్లాట. నీలకంఠ రొయ్యకు పొడవైన నీలి డెక్కలు కలవు. ఇరుకులో ఒకదానినొకటి పొడుచుకొనును. పొర విడిచి మెత్తగా ఉన్న రొయ్యను మిగిలినవి పీకి తినును.

నాలుగవది విషము. కంటికి కనుపించక, అన్నిటికంటె త్వరగా చంపునది ఇదే. దీనిని గూర్చి ముందు వివరముగా తెలిసికొందము.

డ్రమ్మును ఎంచుకొనుట

మన ప్రాంతములో కార్ఖానాల నుండి వచ్చిన పాత ప్లాస్టిక్ డ్రమ్ములు చౌకగా దొరకును. వానిలో ఏ రసాయనము ఉండెనో అమ్మువానికే తెలియదు. ఎన్నిసార్లు కడిగినను ప్లాస్టిక్కులో ఇంకిన మందు కొంచెము కొంచెముగా నీటిలోనికి వచ్చుచునే యుండును. అట్టి డ్రమ్ములో రొయ్యలను గాని, తాగునీటిని గాని, ధాన్యమును గాని ఉంచరాదు. తిండి పదార్థములకు పనికివచ్చు కొత్త టబ్బును గాని, పెట్టెను గాని కొనవలెను. మూడు కిలోల రొయ్యల నష్టముతో పోల్చినచో దాని వెల పెద్దది కాదు.

పురుగుమందుల విషయములో ఇంకను జాగ్రత్త కావలెను. రొయ్య, ఎండ్రికాయ పురుగులకు దగ్గరి జాతివి. పురుగును చంపు మందు వీనిని కూడ చంపును. పత్తికి చల్లు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు అణుమాత్రము తగిలినను రొయ్యలు చనిపోవును. కావున మందు కలిపిన బకెట్టు, మగ్గు, స్ప్రేయరు, కొలత డబ్బా ఏవియు ఈ పనికి వాడరాదు. మందు కొట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనక రొయ్యలను ముట్టరాదు. రొయ్యలను ఉంచిన గదిలో దోమల మందు వెలిగించరాదు, చల్లరాదు. గాలి పంపు ఆ పొగను పీల్చి నీటిలోనికి పంపును.

ఎత్తైన డ్రమ్ము కంటె వెడల్పైన టబ్బు మేలు. రొయ్య అడుగున నడచు ప్రాణి. ఎత్తైన డ్రమ్ములో నీరు ఎంతయున్నను అన్నియు అడుగునకే చేరి, ఒకదానిపై ఒకటి పడి, క్రిందివి ఊపిరాడక చచ్చును. పెద్ద టబ్బు వాడువారు జల్లెడవలె చిల్లులుగల ప్లాస్టిక్ తట్టలను ఒకదానిపై ఒకటి నీటిలో పేర్చి, ఒక్కొక్క తట్టలో కొద్దికొద్దిగా రొయ్యలను ఉంచవలెను. అప్పుడు టబ్బులోని నీరంతయు పనికివచ్చును.

పట్టిన తరువాత, బయలుదేరుటకు ముందు

పట్టిన రొయ్యలను వెంటనే బండి ఎక్కించరాదు. జలాశయములోనే శుభ్రమైన నీరుగల చోట హాపా కట్టి, అందులో ఒక రాత్రి మేత లేకుండ ఉంచవలెను. ప్రేగు ఖాళీయగును; వల లాగునపుడు కలిగిన అలసట తీరును; దెబ్బ తిన్నవి ఏవో తెలిసిపోవును. హాపాలో పాత వల ముక్కలు వ్రేలాడదీసినచో రొయ్యలు వానిని పట్టుకొని విడివిడిగా ఉండును.

మరునాడు ఒక్కొక్కదానిని చూచి ఎంచవలెను. పెంకు గట్టిగా ఉండి, చేత పట్టగానే తోక బలముగా కొట్టునది ప్రయాణమునకు తగినది. మెత్తని పెంకుగలవి, కాళ్లు విరిగినవి, మొప్పలు నల్లబడినవి వేరుచేయవలెను. ప్రాణముతో ఉన్న ఈ బలహీనపు రొయ్యలను అప్పటికప్పుడే ఐసు నీటిలో ముంచి, ఐసుతో అమ్ముకొనవచ్చును. పెద్ద మగ రొయ్యల డెక్కలకు రబ్బరు బ్యాండు వేసినచో పోట్లాట తగ్గును.

నీరు, గాలి, చల్లదనము

రొయ్యలు పెరిగిన నీటితోనే వానిని తీసికొని పోవలెను. ఆ నీటినే వడగట్టి టబ్బులో నింపి, మరి రెండు మూడు క్యానులు అదనముగా బండిలో పెట్టుకొనవలెను. దారిలో గాని, బజారులో గాని కుళాయి నీరు కలుపరాదు. కుళాయి నీటిలో క్రిములను చంపుటకు క్లోరిన్ కలుపుదురు. అది రొయ్య మొప్పలను కాల్చివేయును. బోరు నీటిలో క్లోరిన్ లేకున్నను, అప్పుడే తోడిన బోరు నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. కార్ఖానాల సమీపమున ఉన్న బోరులోనికి ఏమి ఇంకినదో చూచి చెప్పలేము. ఇంటి నుండి తెచ్చిన నీరే నమ్మదగినది.

20 లీటర్ల నీటికి ఒక కిలో రొయ్యలకు మించి వేయకుండ మొదలుపెట్టుడు. అనగా 100 లీటర్ల టబ్బుకు ఐదు కిలోలు. మొదట చెప్పిన పది కిలోలకు 100 లీటర్ల టబ్బులు రెండు కావలెను. రెండు మూడు ప్రయాణములలో ఒక్కటియు చావనిచో, అప్పుడు కొంచెము పెంచి చూడవచ్చును.

బ్యాటరీతో నడచు గాలి పంపు తప్పక ఉండవలెను. గాలి రాళ్లను టబ్బు అడుగున రెండు మూడు చోట్ల వేయవలెను. పంపు గాలి పీల్చు చోటు బండి పొగగొట్టమునకు దూరముగా ఉండవలెను. ఒక పంపు చెడినచో నిమిషముల మీద సరకు పోవును గనుక, రెండవ పంపును సిద్ధముగా ఉంచుకొనుట మంచిది.

నీటిని 20 నుండి 22 డిగ్రీల వరకు చల్లబరచినచో రొయ్యలు నెమ్మదించును, ఊపిరి తక్కువ పీల్చును, పొడుచుకొనవు. అయితే ఒక్కసారిగా చల్లబరచరాదు. గంటకు నాలుగు డిగ్రీలకు మించకుండ దించవలెను. 18 డిగ్రీలకు తక్కువ కానీయరాదు. 100 లీటర్ల నీటిని 28 నుండి 22 డిగ్రీలకు దించుటకు సుమారు 6 కిలోల ఐసు పట్టును. ఐసును నేరుగా నీటిలో వేయరాదు; అది క్లోరిన్ నీటితో చేసినదై యుండవచ్చును. ఖాళీ నీళ్ల సీసాలలో నీరు నింపి, గడ్డకట్టించి, మూత బిగించి ఆ సీసాలను టబ్బులో వేయవలెను. చవకైన థర్మామీటరు ఒకటి దగ్గర ఉంచుకొనుడు. చేతితో తాకి వేడి చెప్పుట ఈ పనికి చాలదు.

దారిలోను, బజారులోను

తెల్లవారుజామున గాని, రాత్రి గాని ప్రయాణము చేయవలెను. టబ్బుపై తడి గోనె కప్పి నీడ కల్పించవలెను. అరగంటకు ఒకసారి ఆగి చూడవలెను. రొయ్యలు అంచులకు చేరి పైకి ఎగబ్రాకుచున్నచో ప్రాణవాయువు తగ్గినదని గుర్తు. వెంటనే గాలి పెంచి, కొన్ని రొయ్యలను రెండవ టబ్బునకు మార్చవలెను. నీటిపై నురుగు నిలిచి, నీరు తెల్లబారినచో మూడవ వంతు తీసివేసి, వెంట తెచ్చిన నీరు పోయవలెను. చచ్చిన రొయ్య కనబడగానే తీసివేయవలెను. ఒకటి కుళ్లిన నీరు పదింటిని చంపును.

బజారు చేరిన తరువాత రొయ్యలను వెంటనే వేరు నీటిలో వేయరాదు. అమ్మువారి తొట్టిలోని నీటిని కొంచెము కొంచెముగా మీ టబ్బులో కలుపుచు, రెండు నీళ్ల వేడి సమానమగువరకు ఆగవలెను. అమ్ము అక్కచెల్లెండ్రకు కూడ ఈ సంగతి చెప్పుడు. సరకు తొట్టిలో చచ్చినచో రేపు మీ వద్ద కొనరు.

పిల్లలను తెచ్చుకొనునపుడు

నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరుగును గాని, దాని గ్రుడ్ల నుండి వెడలిన పిల్లలు మొదటి వారములు ఉప్పునీరు కలిసిన నీటిలోనే బ్రతుకును. అందుచేత సింగూరులో గాని, మీ కుంటలో గాని ఇవి సంతతిని వృద్ధి చేయలేవు. ప్రతి సంవత్సరము పిల్లలను హేచరీ నుండి తెచ్చుకొనవలసినదే.

ప్లాస్టిక్ సంచిలో మూడవ వంతు నీరు, రెండు వంతులు ప్రాణవాయువు నింపి కట్టుదురు. దూర ప్రయాణమునకు లీటరు నీటికి 250 పిల్లలు చాలును. తోక కండ తెల్లగా పాలిపోయిన పిల్లలున్న గుంపును కొనరాదు. అది తెల్లతోక జబ్బు కావచ్చును. సంచులను థర్మాకోల్ పెట్టెలలో పెట్టి రాత్రివేళ తేవలెను. దారిలో సంచిని విప్పరాదు. గట్టు చేరిన తరువాత కట్టు విప్పకుండ సంచిని కుంట నీటిలో అరగంట తేలవేయవలెను. తరువాత విప్పి, వెంటనే కుంట నీటిని కొద్దికొద్దిగా కలిపి, పిల్లలను వాటంతట అవే వెడలనీయవలెను. విప్పిన సంచిని అట్లే వదలి పెట్టినచో, అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి, పోగుపడిన అమ్మోనియా మరింత విషమగును.

ఎండ్రికాయల సంగతి

ఎండ్రికాయలను తెచ్చు పద్ధతి వేరు. పొలపు ఎండ్రికాయ గాని, కృష్ణా గోదావరి తీరముల నుండి వచ్చు మండ పీత గాని మొప్పలు తడిగా ఉన్నంతకాలము గాలిలోనే ఊపిరి పీల్చగలదు. వీనిని నిలువ నీటి బకెట్టులో ముంచి ఉంచుటయే చాలమంది చేయు తప్పు. ఆ నీటిలోని ప్రాణవాయువు అయిపోగానే అవి ఊపిరాడక చచ్చును. డెక్కలను త్రాటితో కట్టి, గాలి ఆడు వెదురు బుట్టలోనో, చిల్లుల పెట్టెలోనో పొట్ట క్రిందికి ఉండునట్లు పేర్చి, తడి గోనె కప్పవలెను. ఎండ, వడగాలి తగులరాదు. ఐసు నేరుగా తగులరాదు. గోనె ఆరినపుడెల్ల క్లోరిన్ లేని నీరు చిలకరించవలెను. మండ పీత ఈ విధముగా కొన్ని దినములు బ్రతుకును.

చచ్చిన ఎండ్రికాయను అమ్మరాదు, తినరాదు. దాని కడుపులోని రసములు కండను త్వరగా కుళ్లించును; క్రిములు పెరుగును. ఎప్పుడు చచ్చినదో తెలియని రొయ్యను కూడ పాతిపెట్టవలసినదే. పొలపు ఎండ్రికాయలో ఊపిరితిత్తులకు హాని చేయు పురుగు ఉండవచ్చును గనుక, పచ్చిగా గాని, సగము కాల్చి గాని తినక, బాగుగా ఉడికించి తినవలెనని కొనువారికి చెప్పుడు.

బ్రతికి ఉన్నంత మాత్రమున మంచిదేనా?

ఇంతవరకు ప్రాణమును కాపాడు విధము చెప్పితిమి. మన ప్రాంతమునకు ఇంకొక ప్రశ్న కలదు. బుట్టలో ఎగిరిపడుచున్న ఎండ్రికాయ తినదగినదేనని ఎట్లు చెప్పగలము?

1970 తరువాత పటాన్‌చెరు, బొల్లారములలో కార్ఖానాలు వెలసినవి. వాని మురికినీరు నక్కవాగులోను, పల్లపు చెరువులలోను కలిసి, పంటలు, పశువులు, చేపలు నష్టపడుటచే 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. నక్కవాగు పరిసరముల భూగర్భజలములో ఆర్సెనిక్ మొదలగు లోహములు ఉన్నట్లు పరిశోధకులు కనుగొనిరి. పటాన్‌చెరు సామూహిక శుద్ధి కేంద్రము నుండి వెడలు నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండు మోతాదు కంటె ఇది ఎక్కువ. తరువాత శుద్ధిచేసిన నీటిని పైపు ద్వారా అంబర్‌పేట మురుగునీటి కేంద్రము వైపు మళ్లించిరి. అయినను 2017లో గండిగూడెం చెరువులో చేపలు పెద్దయెత్తున చచ్చి తేలినవి.

నీరు మారినను, అడుగు బురదలో చేరిన లోహములు చాలకాలము పోవు. ఎండ్రికాయ, నత్త, ఆల్చిప్ప ఆ బురదలోనే తిరుగును. ఆల్చిప్ప నీటిని వడగట్టి తినును. నీటిలో కొంచెముగా ఉన్న విషము వాని ఒంటిలో పోగుపడును. అది వానిని చంపకపోవచ్చును. తిన్న మనిషి ఒంటిలో మాత్రము మరల పోగుపడును. ఉడికించుటచే క్రిములు చచ్చును గాని సీసము, ఆర్సెనిక్ పోవు. మంచి నీటిలో రెండు దినములు ఉంచినచో ప్రేగులోని బురద, కొన్ని క్రిములు వెడలును గాని, కండలో చేరిన లోహము వెడలదు. కావున చెడు నీటి సరకును మంచి నీటిలో కడిగి మంచి సరకుగా చేయు ఉపాయము లేదు.

సింగూరు జలాశయము నక్కవాగు మంజీరలో కలియు చోటుకు ఎగువన ఉన్నది. అక్కడి సరకును, కార్ఖానాల దిగువ చెరువుల సరకును ఒకే బుట్టలో కలుపరాదు. ఎక్కడ పట్టినది, ఏ దినమున పట్టినది అను చీటీ ప్రతి బుట్టకు కట్టుడు. నిజాయితీగల చీటీ మీ సరకుకు మంచి ధర తెచ్చును.

చెరువును కౌలుకు తీసికొనినవారికి ఒక మాట. చెరువులో సరకు చావనారంభించినపుడు, ఇంకను ప్రాణమున్నవానిని త్వరగా పట్టి అమ్మి పెట్టుబడి రాబట్టుకొనవలెనను ఆశ కలుగుట సహజమే. ఆ పని చేయరాదు. ఆ సరకును కొనువాడు కూడ మీ వలెనే కష్టపడి సంపాదించి, పిల్లలకు పెట్టువాడు. శుభ్రమైన సీసాలో అంచువరకు చెరువు నీరు నింపి, చోటు, తేదీ, గంట వ్రాసి చల్లగా ఉంచుడు. చచ్చినవానిని ఫొటో తీయుడు. సంఘము వారిని వెంటబెట్టుకొని మత్స్యశాఖకును, కాలుష్య నియంత్రణ మండలికిని ఆ దినమే వ్రాతమూలకముగా తెలుపుడు. నష్టపరిహారము అడుగుటకు సాక్ష్యము ఇదే. సరకును అమ్మివేసినచో ఆ సాక్ష్యమును మీరే పోగొట్టుకొందురు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. కార్ఖానా డ్రమ్ము, పురుగుమందు పాత్ర ఎన్నడును వాడరాదు.
2. ఒక రాత్రి మేత ఆపి, గట్టివానినే ఎంచవలెను.
3. పెరిగిన నీటితోనే పోవలెను. 20 లీటర్లకు ఒక కిలో.
4. గాలి పంపులు రెండు, నీటి వేడి 20 నుండి 22 డిగ్రీలు, ఐసు సీసాలలోనే.
5. ఎండ్రికాయకు తడి గోనె కావలెను, నిలువ నీరు కాదు.
6. చచ్చినదానిని బ్రతికినవానితో కలుపరాదు.
7. అనుమానపు నీటిలోని సరకును ప్రాణముతో ఉన్నను అమ్మరాదు.

ఈసారి సరకు ఎత్తినపుడు ఎన్ని కిలోలు వేసినది, నీటి వేడి ఎంత, ఎన్ని చచ్చినవి అను మూడు లెక్కలు ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఐదు ప్రయాణముల లెక్క చూచినచో మీ దారికి, మీ బండికి తగిన కొలత మీకే తెలియును.